వార్షిక నివేదిక: మన ఛాంబర్ తన చరిత్ర రాసుకున్న ఏడాది

అధ్యక్షుల వారికి, కార్యవర్గ సభ్యులకు, ఈ సర్వసభ్య సమావేశానికి వచ్చిన సభ్యులందరికీ నమస్కారాలు. రాని వారికి ఎప్పటిలాగే నివేదిక ప్రతి పంపుతాం. చదువుతారో లేదో వారి ఇష్టం.

మన వర్తకుల సంఘం, అంటే ఈ ఛాంబర్, ఎందుకుందో మీకు నేను చెప్పనక్కర్లేదు కాబట్టి సరాసరి పనుల్లోకి వస్తాను. కార్యవర్గం నెలనెలా సమావేశమైంది. రెండుసార్లు కోరం లేక, అంటే కావలసినంత మంది రాక, వాయిదా పడింది. పన్ను రిటర్నుల మీద ఒక సదస్సు, కొత్తగా వ్యాపారంలోకి వచ్చిన వారికి ఖాతాల నిర్వహణ మీద ఒక శిక్షణ తరగతి జరిపాం. రెండూ బాగానే జరిగాయి. అయితే ఈ ఏడాదిని పది కాలాల పాటు గుర్తుంచుకోవలసింది వేరే పనికి. మన ఛాంబర్ చరిత్రను పుస్తకంగా కూర్చి, వ్యవస్థాపక దినం నాడు ఆవిష్కరించి, పాత రికార్డులతో ప్రదర్శన పెట్టాం.

ఈ ప్రతిపాదన పెట్టిన రోజు ఒక సభ్యుడు లేచి, "పాత కాగితాలు ఎవరికి కావాలి? బజారులో బండి పెట్టుకోవడానికి చోటు చూపించండి చాలు" అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. కానీ వెనక గదిలోని బీరువా తెరిచాక నా అభిప్రాయం మారింది. తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియక చివరికి తాళం పగలగొట్టించాం. అడుగు అర చెదల పాలైంది. పై అరలో సమావేశాల్లో జరిగింది రాసిపెట్టే మినిట్స్ పుస్తకాల్లో మొదటిది మాత్రం చెక్కుచెదరలేదు. దాని మొదటి పేజీల్లో ఉన్న మొట్టమొదటి వినతి ఏమిటో తెలుసా? బజారు వీధి మురుగు కాలువ బాగుచేయించాలని. ఈ ఏడాది మనం పంపిన ఆఖరి వినతి కూడా అదే. అప్పటి కార్యదర్శి వాక్యాలు నా వాక్యాల కంటే మర్యాదగా ఉన్నాయి. ఫలితం మాత్రం ఇద్దరికీ ఒకటే.

పుస్తకం తొలి అధ్యాయం మన ఊరి గురించి కాదు. ఛాంబర్ అనే ఏర్పాటు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పకుండా మన కథ మొదలుపెడితే తలా తోకా ఉండదనిపించింది. 1599లో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ నగర సభ, సముద్రపు దొంగల బెడదతో దెబ్బతింటున్న వర్తకాన్ని చూసుకోమని నలుగురు వర్తకులను నియమించింది. ఫ్రెంచిలో 'షాంబ్ర్' అంటే గది. నలుగురు వర్తకులు, ఒక గది: ఇంత పెద్ద పేరుకు మూలం ఇంతే. హాంబర్గ్ వర్తకులు 1665లో తమ సంఘం పెట్టుకుని, 1735లో దానికొక గ్రంథాలయం కూడా ఏర్పరచుకున్నారు. వాళ్లు గ్రంథాలయం పెట్టారు, మనం చెదలకు మేత పెట్టాం. న్యూయార్క్‌లో 1768లో ఇరవై మంది వర్తకులు ఒక సత్రంలో కూర్చుని ఛాంబర్ ప్రారంభించారు. మన దేశానికి వస్తే మద్రాసు, బొంబాయి ఛాంబర్లు రెండూ 1836 నాటివి. వాటిలో పెత్తనం ఐరోపా కంపెనీలది. అందుకే దేశీయ వర్తకులు కలకత్తాలో 1887లో, బొంబాయిలో 1907లో, మద్రాసులో 1909లో సొంత ఛాంబర్లు పెట్టుకున్నారు. 1927లో దేశంలోని ఛాంబర్ల సమాఖ్య ఫిక్కీ వచ్చింది. చిన్న పట్టణాల వర్తకులు సంఘం కట్టడం వెనుక ఈ వరుస అంతా ఉంది.

ప్రదర్శనలో జనం ఎక్కువసేపు నిలబడింది రాజీల రిజిస్టరు దగ్గర. న్యూయార్క్ ఛాంబర్ పుట్టిన ఏడాదే వర్తకుల తగాదాలు తీర్చడానికి మధ్యవర్తుల సంఘాన్ని వేసుకుంది. పారిస్‌లోని అంతర్జాతీయ ఛాంబర్ 1923లో ఏకంగా మధ్యవర్తిత్వ న్యాయస్థానమే నెలకొల్పింది. మన పెద్దలకు ఇవన్నీ తెలుసో తెలియదో గాని, చేసింది అదే పని. భాగస్తుల లెక్కలు, తూకంలో తేడా, బాకీ ఎగవేత: కోర్టుకు పోవలసిన తగాదాలు ఒక్కొక్కటి ఒక్కో పేజీలో ముగిసిపోయాయి. కింద ఇరుపక్షాల సంతకాలు. ఒక పెద్దావిడ తన మామగారి సంతకం గుర్తుపట్టి, వేలితో తడిమి, మాటా పలుకూ లేకుండా కుర్చీలో కూర్చున్నారు. ఏడాది పొడుగునా పడిన శ్రమకు నాకు ముట్టిన ప్రతిఫలం అదే.

ఇక చేదు మాట. చరిత్ర ఉపసంఘంలో ఏడుగురి పేర్లు రాసుకున్నాం. పనికి వచ్చింది ఇద్దరు. ఫొటో దిగడానికి మాత్రం ఏడుగురూ వచ్చారు. పాత లైసెన్సుల రికార్డు చూపించమని ఒక కార్యాలయానికి మూడు ఉత్తరాలు రాశాం. మూడింటికీ రసీదు ముద్ర పడింది, జవాబు పడలేదు. ఫ్రాన్స్, జర్మనీల్లో చట్టం ప్రకారం ప్రతి వ్యాపారీ ఛాంబర్‌లో ఉండి తీరాలి. అందుకని అక్కడ అంతా సవ్యంగా సాగిందనీ కాదు. ఫ్రాన్స్‌లో 1791లో విప్లవ ప్రభుత్వం ఛాంబర్లన్నీ రద్దు చేస్తే, 1802లో నెపోలియన్ మళ్లీ నిలబెట్టవలసి వచ్చింది. మనది ఇష్టముంటే చేరే సంఘం. చందా కట్టడం ఇష్టం, రావడం ఇష్టం, పని చేయడం ఇష్టం. ఆ ఇష్టం పడే నలుగురి మీదే మొదటి మినిట్స్ పుస్తకం నుంచీ బండి నడుస్తోంది. 'కోరం లేనందున వాయిదా' అన్న వాక్యం అందులో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో మానేశాను.

కృతజ్ఞతలు చెప్పుకోవలసిన వారు చాలామంది. వచ్చిన ఆ ఇద్దరికీ ముందుగా. చేతిరాత చదివి కంప్యూటర్‌లో ఎక్కించిన కళాశాల విద్యార్థినులకు, అచ్చుకు ముందు తప్పులు దిద్దిన తెలుగు మాస్టారికి, హాలు ఉచితంగా ఇచ్చిన వారికి, ప్రదర్శనకు బల్లలు మోసిన మన ఆఫీసు కుర్రవాడికి, ఇంట్లో పాత ఫొటోలు వెతికి తెచ్చిన కుటుంబాలకు. పేర్లు చదివితే ఒకటి తప్పిపోయి ఏడాదంతా మాటపడాలి గనుక అన్నీ పుస్తకం చివర అచ్చు వేశాం.

లెక్కలు ఆడిట్ అయ్యాయి. వివరాలు కోశాధికారి చదువుతారు. చరిత్ర పుస్తకం ఖర్చులో ఎక్కువ భాగం విరాళాల నుంచే వచ్చిందని మాత్రం మనవి. బకాయి చందాల జాబితా గోడ మీద అంటించలేదు, అదైనా గమనించగలరు.

ఒక్క విన్నపం. మినిట్స్ పుస్తకాల్లో రెండోది దొరకలేదు. ఎవరో చదువుతామని ఇంటికి పట్టుకెళ్లి ఉంటారు. ఎవరి అటక మీదైనా కనబడితే ఆఫీసు బల్ల మీద పెట్టి వెళ్లండి. ఎప్పుడు తీసుకెళ్లారని అడగం, రిజిస్టరులో రాయం.

ఇట్లు,
గౌరవ కార్యదర్శి