ఆందోళనకు తోడేలు బొమ్మే ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

మా మనవరాలు తిరుపతిలో యానిమేషన్ నేర్చుకుంటోంది. తోటి విద్యార్థులు తీసిన లఘు చిత్రాలను నాకు ఫోనులో చూపిస్తూ ఉంటుంది. పరీక్షల భయం, ఉద్యోగం రాదేమోనన్న దిగులు, నలుగురిలో నోరు పెగలని బెరుకు... కథ ఏదైనా, ఆందోళన మాత్రం నల్లని తోడేలుగానో, మెడకు చుట్టుకునే పాముగానో వస్తుంది. చివర్లో కథానాయకుడు దాన్ని తరిమేస్తాడు, లేదా చంపేస్తాడు. పశువైద్యుడిగా పనిచేసిన నాకు ఇది మింగుడుపడదు. ఆందోళనకు సరిపోయే బొమ్మ బెదిరిన పశువుదే.

చంద్రగిరి దగ్గర రంగంపేటలో జరిగే పశువుల పండుగ చూడండి. ఆ ఆచారం తప్పొప్పుల జోలికి నేను పోను. కొమ్ములకు పలకలు కట్టిన ఎద్దు వీధిలో దూసుకొస్తుంటే జనం హడలిపోతారు. గోడవారన నిలబడి దాని ముఖం గమనించండి. కనుగుడ్డు పక్కన తెల్లగా తేలి ఉంటుంది, ముక్కుపుటాలు ఉబ్బుతాయి, చెవులు నిలకడ లేకుండా తిరుగుతుంటాయి. ఆ వీధిలో అందరికంటే ఎక్కువ భయపడుతున్నది అదే. అంతగా బెదిరిన పశువు ఇంటికి తెచ్చి కట్టేశాక కూడా వెంటనే నెమరు వేయదు, ముందున్న గడ్డి ముట్టదు. పరీక్ష ముందురోజు రాత్రి అన్నం సహించని పిల్లల సంగతీ ఇంతే. గుండె దడ పుట్టించే అడ్రినలిన్ మనిషికీ ఎద్దుకీ ఒకటే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో కుంగుబాటును నల్ల కుక్కగా చూపే చిన్న చిత్రం విడుదల చేసింది. అందులో ఆ మనిషి కుక్కను చంపడు, అదుపులో పెట్టుకుని బతకడం నేర్చుకుంటాడు. నాకు నచ్చింది అదే. అయితే కుంగుబాటు వేరు, ఆందోళన వేరు. దీనికి చీమ చిటుక్కుమన్నా నిక్కబొడుచుకునే చెవులు కావాలి.

ఒకే బొమ్మను చేత్తో మూడుసార్లు గీసి మార్చి మార్చి చూపిస్తే, జంతువు కదలకుండా నిలబడినా దాని గీతలు వణుకుతాయని మనవరాలే చెప్పింది. సెకనుకు 24 ఫ్రేములు నడిచే చిత్రంలో ఆ వణుకుకు మూడు బొమ్మలు చాలు! తోడేలు కోరలకు పడే శ్రమలో సగం కూడా కాదు.

ఇంకో మాట. చిత్రాల చివర్లో ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416 వేస్తున్నారు, సంతోషమే. కానీ అది రెప్పపాటులో మాయమవుతోంది. అవసరమున్నవారు కాగితం వెతుక్కుని రాసుకునేంతసేపైనా దాన్ని తెర మీద ఉంచండి.

– విశ్రాంత పశువైద్యుడు, చంద్రగిరి