లివర్ టానిక్ సీసా మీద ఆ ఒక్క మాట రాయించండి

కేంద్ర ఆయుష్ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెబుతాను. మా పిల్లలు చేసే ప్రాజెక్టుల్లో ఒకటి ఎప్పుడూ ఉండేదే. ఎలుకలకు కొన్నాళ్లు నేల ఉసిరో, గుంటగలగరో, కటుకరోహిణో పట్టిస్తారు. తర్వాత కార్బన్ టెట్రాక్లోరైడ్ అనే విష రసాయనం గానీ, భారీ మోతాదులో పారాసెటమాల్ గానీ ఇస్తారు. మందు తాగని ఎలుకల్లో ఎస్‌జీపీటీ (కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) పెరిగినంతగా వీటిలో పెరగదు. 'కాలేయాన్ని కాపాడింది' అని రాసుకుంటారు. అది అబద్ధం కాదు. కాకపోతే ఎలుకకు మందు ముందు, విషం తర్వాత. ఆస్పత్రికి వచ్చే మనిషికి విషం ముందే లోపలికి వెళ్లిపోయి ఉంటుంది.

ఈ తేడా లివర్ టానిక్ సీసా మీద ఎక్కడా కనిపించదు. పారాసెటమాల్ ఎక్కువగా మింగిన మనిషి మొదటి రోజు బాగానే ఉన్నట్టుంటాడు. లోపల మాత్రం కాలేయంలో విషాన్ని విరిచే గ్లూటాథయోన్ అయిపోతూ ఉంటుంది. ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు మందు 8 గంటల లోపు పడితే చాలావరకు గండం గడుస్తుంది. ఆ గంటలు పసరు మందుకో, మణికట్టు మీద వాతలకో పోతే ఇక చేయగలిగేది తక్కువ.

మొక్క మందులు దండగ అనడం లేదండీ. మిల్క్ తిజిల్ అనే ముళ్ల మొక్క గింజల నుంచి తీసిన సిలిబినిన్‌ను యూరప్‌లో విషపు పుట్టగొడుగులు తిన్నవారికి నరానికి ఎక్కిస్తున్నారు. మన దగ్గరా ముందుగా మందు ఇవ్వగల చోటు ఒకటుంది, టీబీ. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ అనే టీబీ మందులు మూడూ కొందరిలో కాలేయాన్ని దెబ్బతీస్తాయి. అవి ఏ రోజు మొదలవుతాయో మనకు ముందే తెలుసు. నేల ఉసిరిని అక్కడ, మనుషుల మీద, పెద్ద ఎత్తున, నిజాయితీగా పరీక్షించండి. పని చేయకపోతే ఆ మాటా బయటపెట్టండి.

ఈలోగా 'లివర్ టానిక్' అని అమ్మే ప్రతి సీసా మీద రుజువు జంతువుల్లోనా, మనుషుల్లోనా అన్నది తెలుగులోనూ రాయించండి. సరుకు సంగతీ చూడండి. నేల ఉసిరి పేరుతో వచ్చే ఎండు మొక్కల్లో దాని దాయాదులూ కలుస్తుంటాయి. 2021లో ముంబై వైద్యులు తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులు రాస్తే మీ శాఖ తోసిపుచ్చింది. ఈసారి అలాంటి కేసు వస్తే, ఖండన కన్నా ముందు రోగి వాడిన పొడిని తెప్పించి ల్యాబుకు పంపండి.

ఇట్లు,
ఒక ఫార్మసీ అధ్యాపకుడు