దొరికింది సరే, ఏది దొరికింది?

నల్గొండ,
ఆదివారం

ఏంరా మామా, ఎట్లున్నావు? మీ మహబూబ్‌నగర్‌లో ఎండలెట్లా ఉన్నాయి? ఇక్కడ పొద్దున పదింటికే క్లాక్ టవర్ సెంటర్‌లో మనిషి కనిపిస్తలేడు. నేనైతే కూలర్ ముందు నుంచి లేస్తలేను. అమ్మకు నమస్తే చెప్పు.

మొన్న ఫోన్‌లో సగం చెప్పేసరికి కరెంటు పోయింది. మిగతాది రాయడమే నయం, ఫోల్డర్ పేర్లన్నీ ఫోన్‌లో చెప్పడం నా వల్ల కాదు. పుట్టపాక నేతన్నల కోసం మనం రాస్తున్న ప్రోగ్రామ్, అదే డిజైన్ బొమ్మను గళ్ల కాగితం మీదికి దించేది, నా దగ్గర నడుస్తోంది, నీ దగ్గర బిల్డ్ అయ్యి కూడా రన్ చేయగానే ‘జీఎల్ఐబీసీఎక్స్ఎక్స్ వెర్షన్ లేదు’ అని, అంటే కావాల్సినంత కొత్త సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ దొరకలేదని, పడిపోతోంది. నువ్వేమో కంపైలర్ (కోడ్‌ను ప్రోగ్రామ్‌గా మార్చేది) పాతదని దాన్ని మార్చే పనిలో పడ్డావు. దాన్ని ముట్టకు. పాపం దాని తప్పేం లేదు.

బిల్డ్‌కు కావాల్సిన లైబ్రరీలను వెతికిపెట్టే సీమేక్ ‘ఫౌండ్ పీఎన్‌జీ’ (బొమ్మల లైబ్రరీ దొరికింది) అనగానే మనం హమ్మయ్య అనుకుంటాం. ఆ లైన్ పక్కనే ఉన్న దారిని ఎవరూ చదవరు. నువ్వు పంపిన స్క్రీన్‌షాట్‌లో అది సిస్టమ్ ఫోల్డర్ కాదురా, పైథాన్ కోసం నువ్వు హోమ్ ఫోల్డర్‌లో వేసుకున్న ఆ పెద్ద డిస్ట్రిబ్యూషన్‌ది. టెర్మినల్ తెరవగానే దాని ఎన్విరాన్‌మెంట్ ఆన్ అయిపోతుంది. అందుకే సీమేక్ దాని ‘లిబ్’, ‘ఇంక్లూడ్’ ఫోల్డర్లలో వెతికింది. అది కూడా సిస్టమ్ ఫోల్డర్ ‘యూఎస్ఆర్’ వైపు చూసే ముందే. అట్లా లిబ్‌పీఎన్‌జీ అక్కడ దొరికింది. దొరికిన ఫోల్డర్‌ను ప్రోగ్రామ్‌లో రన్‌పాత్‌గా (నడిచేటప్పుడు లైబ్రరీలు వెతికే చోటుగా) రాసిపెట్టింది. ఆ ఫోల్డర్‌లోనే పాత సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ కూడా ఉండటంతో రన్ చేసేటప్పుడు అది లోడైంది. బొమ్మల లైబ్రరీతో మొదలైన గొడవ కంపైలర్ గొడవలా కనబడటం అందుకే.

ఇంకో చిక్కు ఉంది. ఒకసారి దొరికిన దారి బిల్డ్ ఫోల్డర్‌లోని సీమేక్‌క్యాష్ టెక్స్ట్ ఫైల్‌లో ఉండిపోతుంది, మళ్ళీ వెతకదు. దొరకనిదైతే ‘నాట్‌ఫౌండ్’ అని రాసి ఉన్నా, తర్వాతి సారి మళ్ళీ వెతుకుతుంది. చాలామంది దీన్ని తిప్పి చెప్తారు. కాబట్టి పైథాన్ ఎన్విరాన్‌మెంట్‌ను ఆపేసి మళ్ళీ సీమేక్ నడిపితే చాలదు, పాత దారే పట్టుకుంటుంది. సీమేక్ 3.24 నుంచి పాత క్యాష్‌ను తీసేసే ‘ఫ్రెష్’ ఆప్షన్ ఉంది కానీ నీ ఉబుంటు 22.04తో వచ్చేది 3.22. అందుకే బిల్డ్ ఫోల్డర్ మొత్తం తీసెయ్, పీడ పోతుంది.

ఆ తర్వాత ‘డీబగ్-ఫైండ్’ ఆప్షన్‌తో నడుపు. ఇది 3.17 నుంచి ఉంది, నీకు పనిచేస్తుంది. ఏ ఫోల్డర్‌లో ఏ పేరుతో వెతికిందో, ఎక్కడ ఆగిందో అంతా కక్కేస్తుంది. చాంతాడంత వస్తుంది, భయపడకు, పీఎన్‌జీ దగ్గరికి పోయి కింద చివరి లైన్ చూడు చాలు. క్యాష్‌లో దారి ముందే ఉంటే మాత్రం ఏమీ చూపదు, వెతికితే కదా చూపేది!

‘సీమేక్ ప్రిఫిక్స్ పాత్’ (ఎక్కడ వెతకాలో మనం చెప్పే సెట్టింగ్) ఇచ్చినా పట్టించుకోవడం లేదన్నావు. ‘లిబ్’ ఫోల్డర్ ఇచ్చి ఉంటావు. దానికి పై ఫోల్డర్ కావాలి, లోపలికి అదే పోతుంది. రెండు మూడు ఇవ్వాలంటే మధ్యలో సెమీకోలన్, మొత్తానికి కోట్స్. లేకపోతే సెమీకోలన్ దగ్గరే షెల్ కమాండ్‌ను తెంపేస్తుంది. ఇంకొకటి, మీ తమ్ముడి మెషీన్‌లో ‘లిబ్‌పీఎన్‌జీ-డెవ్’ వేయించు. బొమ్మలు తెరుచుకుంటున్నాయి కదా, లైబ్రరీ ఉన్నట్టే అంటాడు వాడు. నడపడానికి కావాల్సింది ఉంది, బిల్డ్‌కు కావాల్సిన హెడర్ ఫైళ్లు లేవు.

విండోస్ సంగతి తర్వాత చూద్దాం. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో: వీసీప్యాకేజ్ (లైబ్రరీలు తెచ్చిపెట్టే టూల్) టూల్‌చెయిన్ ఫైల్‌ను మొదటి కాన్ఫిగర్‌లోనే, అంటే సీమేక్ మొదటిసారి నడిపేటప్పుడే ఇవ్వాలి. పాత బిల్డ్ ఫోల్డర్ మీద తర్వాత ఇస్తే ఏమీ మారదు.

అంతా అయ్యాక క్యాష్ ఫైల్ తెరిచి పీఎన్‌జీ లైబ్రరీ లైన్, జడ్‌లిబ్ (డేటాను కుదించే లైబ్రరీ) లైన్ రెండూ పంపు. పీఎన్‌జీకి జడ్‌లిబ్ కావాలి, దాన్ని కూడా వేరేగా వెతుకుతుంది. రెండూ ఒకే చోటివైతేనే నాకు టెన్షన్ ఉండదు. ఒకటి ‘యూఎస్ఆర్’లో, ఇంకొకటి హోమ్‌లో కనిపిస్తే మాత్రం నువ్వేమీ ముట్టకు, ఫోన్ చెయ్యి.

నీ మామ