నా వీడియో మీద నాకే కాపీరైట్ స్ట్రైక్ ఎలా వేశారు?

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: తప్పెటగుళ్ల వీడియో తొలగింపు, నా చానెల్‌పై స్ట్రైక్ (కాపీరైట్ హెచ్చరిక) గురించి

అయ్యా,

2023 ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ రోజు అడివివరం దగ్గర మా మావయ్యగారి బృందం తప్పెటగుళ్లు ఆడింది. పద్దెనిమిది మంది, గుండెల మీద తప్పెటలు, కాళ్లకు గజ్జెలు. పదకొండు నిమిషాల ఆటను నేనే కెమెరాతో తీసి, ఆ వారంలోనే మీ సైట్‌లో పెట్టాను. ఇన్నాళ్లూ ఎవరూ ఏమీ అనలేదు. ఈ నెల 9వ తేదీ రాత్రి మీ మెయిల్ వచ్చింది. అందులో ఆడియో వేరేవాళ్లదట, వీడియో తీసేశారట, ఇంకో రెండు స్ట్రైకులు పడితే చానెలే పోతుందట.

ఆ వేరేవాళ్లు ఎవరా అని చూస్తే, ఒక మ్యూజిక్ సంస్థ నిరుడు వదిలిన డీజే రీమిక్స్ తేలింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నాలుగైదుసార్లు విన్నాను. నా వీడియోలో 3 నిమిషాల 42 సెకన్ల దగ్గర పక్కనున్న మైకులోంచి, 'నీలం చొక్కా బాబు తప్పిపోయాడు, గాజువాక నుంచి వచ్చినవాళ్లు ఎక్కడున్నా రావాలి' అని వినబడుతుంది. ఆ అరుపుకి మావయ్య ఒక చరణం తడబడి మళ్లీ అందుకుంటారు. రీమిక్స్‌లో బీటు కింద చెవి పెట్టి వినండి. అదే తడబాటు, అదే 'నీలం చొక్కా'. వాళ్ల స్టూడియోలో కూడా అదే పిల్లాడు తప్పిపోయాడా? (బాబు పది నిమిషాల్లో దొరికాడు లెండి.)

మీ మెషీన్ రెండు ఆడియోలూ ఒకటేనంది. నిజమే, ఒకటే. ఏది ముందు పెట్టారో మాత్రం చూడలేదు. తేదీలు రెండూ మీ సర్వర్‌లోనే ఉన్నాయి కదా.

మీరిచ్చిన ఫారంలో ఇదంతా రాసి అభ్యంతరం పెట్టాను. అది తిన్నగా ఆ సంస్థకే వెళ్లింది. వాళ్లు 'ఒప్పుకోం' అని ఒక్క బటన్ నొక్కారు, అక్కడితో అయిపోయింది. మధ్యలో మీ మనిషి ఒక్కరు కూడా ఆ రెండు ఆడియోలు విన్నట్టు లేదు. దొంగతనం జరిగిందని స్టేషన్‌కి వెళ్తే, విచారణ దొంగకే అప్పగించినట్టుంది.

ఆ పాట ఎవరు కట్టారో మా మావయ్యకీ తెలియదు, వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్నారు. దాన్ని ఎవరైనా పాడుకోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఆ రోజు చేసిన రికార్డింగ్ నాది, ఆ గొంతులు బృందానివి. రీమిక్స్ చేసేముందు మమ్మల్ని ఎవరూ ఒక్క మాట అడగలేదు.

కాపీరైట్ నియమాలు, 2013లో 75వ నియమం చదివాను. ఫిర్యాదు చేసేవాళ్లు రాతపూర్వకంగా చేయాలి, హక్కు తమదేనని చూపాలి, కోర్టులో దావా వేసి 21 రోజుల్లోగా ఉత్తర్వు తెస్తామని హామీ ఇవ్వాలి. తేకపోతే మీరు వీడియోను మళ్లీ అందుబాటులోకి తేవచ్చు. వాళ్లు అలాంటి కాగితం ఏదైనా ఇచ్చారా? ఇస్తే నాకు ఒక కాపీ పంపండి. ఇవ్వకపోతే దేన్ని చూసి తీసేశారు?

డబ్బు సంగతి పెద్దది కాదు, ఆ వీడియోకి నెలకి కరెంటు బిల్లంత కూడా రాదు. కానీ అనకాపల్లి, చోడవరం వైపు నుంచి పండగలకి పిలిచేవాళ్లు ముందు ఆ లింకే అడుగుతారు. మొన్న ఒక కమిటీవాళ్లు తెరిచి చూసి, 'కాపీ కొట్టారంట కదండీ' అన్నారు. మావయ్య నాకు ఫోన్ చేసి, 'నేను ఎవర్ని కాపీ కొట్టాన్రా?' అని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు.

కాబట్టి వీడియో తిరిగి పెట్టండి, స్ట్రైక్ తీసేయండి, వాళ్ల ఫిర్యాదు కాపీ పంపండి. రెండు ఆడియోల్నీ ఒక మనిషికి వినిపించండి, తెలుగు వచ్చినవాళ్లయితే మేలు. ఐటీ నియమాలు, 2021 ప్రకారం ఈ లేఖ అందినట్టు 24 గంటల్లో నాకు తెలియజేయాలి. మీ నిర్ణయం సరిగా లేకపోతే, అది అందిన 30 రోజుల్లోపే కేంద్ర ప్రభుత్వం వేసిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి వెళ్తాను.

ఒరిజినల్ ఫైలు ఉన్న మెమరీ కార్డు నా బీరువాలోనే ఉంది. ఎప్పుడడిగినా చూపిస్తాను.

ఇట్లు,
చానెల్ యజమాని,
విశాఖపట్నం