సంజ్ఞా భాషా దుభాషీలకు ప్రత్యేక విభాగాలు గుర్తించండి

రాష్ట్ర దివ్యాంగుల సంక్షేమ శాఖ మంత్రివర్యులకు నమస్కారాలతో,

కోనసీమ నుంచి కాకినాడ, రాజమహేంద్రవరం వరకు బధిరులకు దుభాషిగా పనిచేస్తున్న నేను ఈ లేఖ రాస్తున్నాను. ఆసుపత్రి పిలిచినా, కోర్టు పిలిచినా, కళాశాల పిలిచినా మా దగ్గర చూసేది ఒక్క డిప్లొమానే. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉన్న ఆ రెండేళ్ల కోర్సు పునాదిగా మంచిదే. అయితే ఎంబీబీఎస్ పూర్తిచేసిన ప్రతివారి చేతికీ శస్త్రచికిత్స అప్పగించని ప్రభుత్వం, మా విషయంలో మాత్రం అందరినీ అన్ని పనులకూ ఒకే గాటన కట్టేస్తోంది.

కోర్టు సంగతి చూడండి. ‘అతను నిన్ను కొట్టాడా?’ అని వకీలు అడిగితే తెలుగులో ప్రశ్న అక్కడితో ఆగుతుంది. సంజ్ఞల్లో చాలాసార్లు అలా ఆగదు; అరచేతితోనా, పిడికిలితోనా, కర్రతోనా, దెబ్బ చెంప మీదా, వీపు మీదా అన్నది చెయ్యి ఏదో ఒక రూపంలో చూపిస్తుంది. అలా చూపితే సాక్షికి జవాబు దుభాషే అందించినట్టవుతుంది. ఈ చిక్కు తెలిసినవారు ముందుగానే న్యాయమూర్తికి విన్నవించి, ప్రశ్నను ఎలా చూపాలో అనుమతి తీసుకుంటారు. తెలియనివారు సదుద్దేశంతోనే సాక్ష్యాన్ని చెడగొడతారు. నోటితో చెప్పలేని సాక్షి వాంగ్మూలానికి దుభాషి లేదా ప్రత్యేక ఉపాధ్యాయుల సాయం తీసుకోవాలని, దాన్ని వీడియో తీయాలని భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 125వ సెక్షన్ చెబుతోంది. ఆ దుభాషికి కోర్టు పద్ధతి తెలిసి ఉండాలన్న మాట మాత్రం అందులో లేదు.

ప్రసూతి వార్డు మరో లోకం. వెన్నులో మత్తు ఇస్తే నడుము కింది భాగమే మొద్దుబారుతుందని, తాను మెలకువగానే ఉంటానని ముందే అర్థం కాని బధిర మహిళ ఆపరేషన్ బల్ల మీద ఎంత హడలిపోతుందో ఊహించండి. అక్కడ అందరి నోళ్లకూ మాస్కులుంటాయి, ఆమె చేతుల్లో ఒకదానికి సెలైన్ ఉంటుంది. సైగలు చేసే చేతిని వదిలి రెండో చేతికి సూది పెట్టమని ముందుగా అడగాలన్న ఇంగితం శిక్షణతో వచ్చేదే. మన దగ్గర ఇప్పటికీ తల్లి గర్భసంచి జబ్బు గురించి పదేళ్ల కూతురి చేత చెప్పించేస్తున్నారు. అది సాయం కాదు, ఆ పిల్లకు చేస్తున్న అన్యాయం.

బడి ముఖం చూడక, ఇంటి సైగలతోనే బతికే పెద్దవయసువారు మన లంక గ్రామాల్లో ఉన్నారు. నా సంజ్ఞలు వారికి పూర్తిగా అందవు. అక్కడ నా పక్కన తానే బధిరుడైన దుభాషి ఉండాలి. నేను చూపినదాన్ని ఆయన ఆ మనిషికి పట్టుబడే సైగల్లోకి మారుస్తాడు. ఆ పనికీ పేరు, పారితోషికం ఉండాలి.

ఉన్నదే కొద్దిమంది, వారిలో మళ్ళీ విభాగాలా అని అధికారులు అనవచ్చు. విభాగం లేనివారిని పనికి దూరం చేయమని నేను కోరడం లేదు. ఎవరికి ఏ పని వచ్చో కలెక్టరేట్‌కు తెలిస్తే, ఉన్న కొద్దిమందినీ సరైన చోటికి పంపవచ్చు. న్యాయ, వైద్య, వ్యవసాయ పదాలు కూడా ఉన్న పదివేల పదాల సంజ్ఞా భాషా నిఘంటువును ఢిల్లీలోని జాతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2021లోనే తెచ్చింది. ఆ పదాలను సందర్భమెరిగి వాడే మనుషులను తయారుచేయడమే మిగిలింది.

కాబట్టి తొలి విడతగా కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో, గోదావరి జిల్లాల కోర్టుల్లో న్యాయ, వైద్య దుభాషీలకు స్వల్పకాలిక శిక్షణ ఇప్పించి, జిల్లా జాబితాలో ప్రతి పేరు పక్కన ఆ విభాగాన్ని నమోదు చేయించి, దానికి తగ్గ పారితోషికం నిర్ణయించవలసిందిగా కోరుతున్నాను. దీనికి కొత్త చట్టం అక్కరలేదు, మీ శాఖ నుంచి ఒక జీవో చాలు.

భవదీయుడు,
ఒక సంజ్ఞా భాషా దుభాషి,
అమలాపురం