బ్యాటరీ ఊడి రావాలి

ఎడిటర్ గారికి,

‘సమాజ హితమే మా లక్ష్యం’ అంటూ ఫోన్ కంపెనీలు ఇస్తున్న ప్రకటనల గురించి ఈ ఉత్తరం. నేను జగదీష్ మార్కెట్లో ఫోన్లు రిపేరు చేస్తాను. ఇప్పటి ఫోన్లలో బ్యాటరీని జిగురుతో అతికించేస్తున్నారు. వెనక గ్లాసును వేడి చేసి, పల్చటి ప్లాస్టిక్ ముక్క దూర్చి అంచు వెంబడి మెల్లగా లేపాలి. పగిలిందా, కస్టమర్ ముఖం చూడలేం.

నెదర్లాండ్స్‌కు చెందిన ఫెయిర్‌ఫోన్ అనే ఫోన్ల కంపెనీ మాత్రం అలాంటి ఆశయాన్ని ఫోన్‌లోనే చూపించింది. 2023లో తెచ్చిన ఐదో మోడల్‌లో వెనక మూత గోటితోనే తీసి బ్యాటరీ మార్చుకోవచ్చు. స్క్రీన్, కెమెరాలకు స్క్రూడ్రైవర్ చాలు. స్పేర్ పార్టులూ కంపెనీయే అమ్ముతుంది. 2031 దాకా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఇస్తామని మాటిచ్చింది. సేవ పేరు చెప్పుకునే మిగతా కంపెనీలు ముందు మాలాంటి చిన్న షాపులకు ఒరిజినల్ పార్టులు అమ్మాలి. మీ పేపరు ఈ మాట గట్టిగా అడగాలని నా విన్నపం.

– ఒక మొబైల్ మెకానిక్, హైదరాబాద్