గంటలు పెద్ద మోడల్‌వి, బ్యాటరీ చిన్న మోడల్‌ది

కస్టమర్ సేవల విభాగం అధికారి గారికి,

విషయం: పెద్ద బ్యాటరీ గంటలు చూపించి చిన్న బ్యాటరీ లాప్‌టాప్ అమ్మడంపై ఫిర్యాదు

అయ్యా/అమ్మా,

మీరు 13 అంగుళాల తేలికపాటి లాప్‌టాప్ ఒకటి రెండు రకాలుగా అమ్ముతున్నారు. రెండింటికీ పేరు ఒకటే, ఫొటో ఒకటే, పైన పెద్ద అక్షరాల్లో రాసిన మాటా ఒకటే: "ఒక్క ఛార్జింగ్‌తో 15 గంటల వరకు". నేను తక్కువ ధర రకం కొన్నాను. అందులో ఉన్నది 38 వాట్-అవర్ల (బ్యాటరీలో పట్టే శక్తికి కొలత) బ్యాటరీ. ఎక్కువ ధర దాంట్లో 57 ఉంది. ఈ తేడా మీ ప్రకటనలో ధర పక్కన లేదు, పెట్టె మీదా లేదు. విండోస్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీసి చూస్తే, డిజైన్ కెపాసిటీ (కొత్త బ్యాటరీలో పట్టాల్సిన శక్తి) అన్న చోట 38,000 మిల్లీవాట్-అవర్లు అని కనిపించింది. అప్పుడు మీ సపోర్ట్‌కి ఫోన్ చేసి గట్టిగా అడిగితే, 15 గంటల లెక్క 57 వాట్-అవర్ల మోడల్ మీద తీసిందని ఒప్పుకున్నారు. మరి ఆ అంకె నా మోడల్ పేరు కింద ఎందుకు ఉంది?

ఇదేమీ పెద్ద లెక్క కాదు. బ్యాటరీలో ఉన్న వాట్-అవర్లను మెషిన్ లాగే వాట్లతో భాగిస్తే గంటలు వస్తాయి. నా మెషిన్ 15 గంటలు నడవాలంటే సగటున రెండున్నర వాట్లు మాత్రమే వాడుకోవాలి. చాలా లాప్‌టాప్‌లలో తెర ఒక్కటే రెండు మూడు వాట్లు తీసుకుంటుంది. అంటే ప్రాసెసర్, వైఫై, కీబోర్డు అన్నీ గాలి పీల్చి బతకాలన్నమాట. నా వాడకంలో ఆరేడు వాట్లు పడుతోంది: బ్రౌజర్‌లో నాలుగైదు ట్యాబులు, ఒక డాక్యుమెంటు, వైఫై ఆన్‌లో, వెలుతురు సగానికి కాస్త పైన. అలా వాడితే ఆరు గంటలకు అటూ ఇటూగా ఆగిపోతోంది. ఇదే పనికి 57 వాట్-అవర్లయితే దాదాపు తొమ్మిది గంటలు వచ్చేది. అదీ 15 కాదు. మీ ప్రకటన కింది లైన్లో చీమ తలకాయంత అక్షరాలతో రాసిన షరతులు చదివాను: వైఫై ఆపేసి, తెర 150 నిట్స్ (వెలుతురు కొలత) వెలుతురులో ఉంచి, మెషిన్‌లోనే ఉన్న వీడియో నడిపించి చూశారట. వీడియో డీకోడ్ చేయడానికి, అంటే ఫైలులోని వీడియోని తెర మీద చూపేలా విప్పడానికి, చిప్‌లో విడిగా ఒక భాగం ఉంటుంది, దానికి పెద్దగా కరెంటు అక్కర్లేదు. అందుకే చాలా కంపెనీలు ఆ పరీక్షే ఎంచుకుంటాయి. దాని సంగతి వదిలేద్దాం, మీరొక్కరే చేస్తున్న పని కాదు. నా గొడవల్లా, ఆ సుఖమైన పరీక్ష కూడా నా బ్యాటరీ మీద చేయలేదనే.

సమావేశాలకు వెళ్లి అక్కడ జరిగే చర్చను అక్కడికక్కడే రాసిపెట్టడం నా పని. సభ ఉదయం మొదలైతే సాయంత్రం దాకా సాగుతుంది. ప్లగ్ పాయింట్ గోడ దగ్గరుంటుంది, నేను మధ్యలో ఉంటాను. బరువు తక్కువ, ఛార్జింగ్ ఎక్కువ అన్న రెండింటి కోసమే చిన్న లాప్‌టాప్‌కి ఎవరైనా డబ్బు పెడతారు. స్పీడు మాత్రమే కావాలంటే అదే ధరకి పెద్ద మెషిన్ దొరుకుతుంది. ఇప్పుడు నేను ఛార్జర్ లేకుండా గడప దాటడం లేదు. వెలుతురు తగ్గించుకోండి, బ్యాటరీ సేవర్ పెట్టుకోండి, పవర్ బ్యాంక్ కొనుక్కోండి అని మీ సపోర్ట్ వాళ్లు సలహా ఇచ్చారు. మొదటి రెండూ కొన్న రోజు నుంచీ చేస్తున్నాను. మూడోది చేస్తే తేలిక కోసం పెట్టిన డబ్బు బరువు కోసం పెట్టినట్టవుతుంది.

మీ సర్వీస్ సెంటర్‌లో టెక్నీషియన్ నా ఎదుటే అడుగు పలక విప్పారు. బ్యాటరీ ఒక పక్కకి ఉంది. దాని పక్కనే మిగిలిన చోటులో ఒక నల్ల ప్లాస్టిక్ ఫ్రేము బిగించి ఉంది, లోపలంతా ఖాళీ. పెద్ద బ్యాటరీకి కావాల్సిన స్క్రూ రంధ్రాలు కూడా అందులో సిద్ధంగా ఉన్నాయి. కనెక్టర్ కూడా అదేనని ఆయనే చెప్పారు. సరే, తేడా డబ్బు కడతాను, పెద్దది వేయండి అన్నాను. ఈ మోడల్‌కి అది రాదు, బయట వేయించుకుంటే వారంటీ పోతుంది అన్నారు. ఆ ఖాళీ చోటుని నేను రోజూ మోసుకు తిరుగుతున్నాను.

ఎక్కువ ధర మోడల్ తీసుకోవాల్సింది కదా అని మీరు అనవచ్చు. ఆ మోడల్‌లో పెద్ద బ్యాటరీ ఒంటరిగా రాదు. ఎక్కువ రిజల్యూషన్ టచ్ తెర, రెట్టింపు స్టోరేజీ దానికి తగిలించి ఉంటాయి. ఆ తెర మామూలు తెర కంటే ఎక్కువ కరెంటు తింటుంది. ఛార్జింగ్ కోసం డబ్బు పెట్టేవాడికి ఛార్జింగ్ తినే తెర కూడా అంటగట్టడం ఏం వ్యాపారమో నాకు అర్థం కాలేదు. 2008 ప్రాంతంలో నెట్‌బుక్‌లు (చిన్న చౌక లాప్‌టాప్‌లు) వచ్చినప్పుడు, ఏసర్ ఆస్పైర్ వన్ లాంటివి మూడు సెల్స్ బ్యాటరీతోనూ, అంతకంటే పెద్ద ఆరు సెల్స్ బ్యాటరీతోనూ దొరికేవి. ఆరు సెల్స్‌ది వెనక ఉబ్బెత్తుగా ఉండేది, చూడ్డానికి బాగుండేది కాదు. కానీ దేనికి ఎంత కడుతున్నామో కొనేవాడికి తెలిసేది.

ధర సంగతి ఇంకొకటుంది, ఇది మీ ప్రకటనల్లో ఎక్కడా రాదు. లిథియం-అయాన్ బ్యాటరీ కొన్ని వందల ఛార్జింగ్ సైకిళ్లు (పూర్తిగా నిండి, ఖాళీ అయితే ఒక సైకిల్) తిరిగేసరికి తన శక్తిలో ఐదో వంతు దాకా పోగొట్టుకోవడం మామూలే. నాకు 38లో సుమారు 30 మిగులుతుంది. పైగా ఒకే పనికి చిన్న బ్యాటరీ పెద్దదాని కంటే ఒకటిన్నర రెట్ల సైకిళ్లు తిరగాలి, కాబట్టి ఆ స్థితికి ముందే చేరుకుంటుంది. కొన్నప్పుడు మిగిలిన డబ్బులో కొంత బ్యాటరీ మార్పించడానికి తిరిగి మీకే కట్టాలి. ఇవన్నీ తెలిసి కూడా చిన్న బ్యాటరీయే చాలు అనుకునేవాళ్లు ఉంటారు, రోజంతా బల్ల దగ్గరే పని చేసుకునేవాళ్లకి అది సరిపోతుంది కూడా. తేల్చుకోవడానికి వాళ్ల ముందు అంకె ఉండాలి కదా.

కాబట్టి నేను అడిగేది ఇది. తేడా ధర తీసుకుని నా మెషిన్‌లో 57 వాట్-అవర్ల బ్యాటరీ మీరే వేసి, వారంటీ అలాగే ఉంచండి. అది కుదరదంటే మెషిన్ వెనక్కి తీసుకుని పూర్తి డబ్బు ఇవ్వండి. డిస్కౌంట్ కూపన్, ఉచిత బ్యాగు లాంటివి పంపొద్దు. అలాగే ప్రతి రకం ధర పక్కన దాని వాట్-అవర్లు వేయండి, గంటలు రాస్తే ఆ రకం మీద కొలిచినవే రాయండి. ఆ వాట్-అవర్ల అంకె బ్యాటరీ మీద మీరు ఎలాగూ ముద్రిస్తున్నారు, అడుగు పలక విప్పితే కనిపిస్తుంది.

15 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు. ఫోన్‌లో చెప్పే మాటలు ఇక వద్దు. జవాబు రాకపోతే ఇవే కాగితాలతో వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాను.

ఇట్లు,
మీ వినియోగదారు

జతపరచినవి: బిల్లు కాపీ, బ్యాటరీ రిపోర్ట్, మీ ప్రకటన పేజీ స్క్రీన్‌షాట్, అడుగు పలక విప్పినప్పటి ఫొటోలు